అద్దంలాంటి నేల

ఎముకలావిడకు ఆ పేరు పెట్టింది తవ్వకంలో పనిచేసేవాళ్ళే. మొదట్లో ఆ మాట వినగానే ఆమెకు ఒళ్ళు మండేది. ఇంత చదువు చదివితే చివరికి దక్కిన పేరు ఇదా అని బాబాయి దగ్గర వాపోతే ఆయన నవ్వి, పేరు పెట్టారంటే మనిషిని తమలో కలుపుకున్నారని అర్థం, పేరు పెట్టనివాళ్ళే ఏడవాలి అన్నాడు. ఆయనకూ ఒక పేరుంది మరి. అద్దం. ఆయన తాపీతో గీకిన నేల అంత నున్నగా ఉంటుందని.

తాపీ అంటే మేస్త్రీలు సిమెంటు పూసేదే. తవ్వకాలవాళ్ళ చేతిలో అది మట్టిని ఉల్లిపొరంత పల్చగా లేపే పనిముట్టు. వేల ఏళ్ళ కింద మనుషులు తిరిగిన నేల మీద ఎంత మట్టి పేరుకుందో అంతా తీసి, ఆ నేలకు గీత పడకుండా బయటపెట్టాలి. చెప్పినంత తేలిక కాదు. పెద్ద పెద్ద డిగ్రీలున్నవాళ్ళే బొక్కబోర్లా పడతారు. అద్దం మాత్రం ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ పనే చేశాడు. ఆయన గుంటలో దిగితే మిగతా గుంటల వాళ్ళు పని ఆపి వచ్చి చూసేవారు.

ఎముకలావిడకు ఆరేళ్ళప్పుడు తండ్రి పోయాడు, అంతకు ముందే తల్లి పోయింది. బాబాయీ పిన్నీ పెంచారు. సెలవుల్లో తవ్వకాల చోటికి వెంట తీసుకెళ్ళి, కాళ్ళ దగ్గర కూర్చోబెట్టుకుని, ఇది కుండ పెంకు, ఇది ఎముక, ఇది వట్టి రాయి అని చేతిలో పెట్టి చెప్పింది ఆయనే. ఇప్పుడు ఆమె ఆ తవ్వకానికే అధికారి. పనిలో అందరి ముందూ ఆయన ఆమెను మేడమ్ అని, మీరు అని పిలుస్తాడు. ఆ పిలుపులో భక్తి కన్నా కొంటెతనమే ఎక్కువని ఆమెకు తెలుసు. ఇంటికెళ్ళాక మామూలే, అమ్మడూ, మంచినీళ్ళు పట్రా.

ఆ తవ్వకం రైలు పట్టాల అవతల, గోదాముల వరసలో మిగిలిపోయిన మూడెకరాల బీడులో. కొత్త గోదాముకి పునాదులు తీస్తుంటే కింద పొయ్యిల బూడిద, కుండ పెంకులు, ఎముకలు బయటపడ్డాయి. నాలుగున్నర వేల ఏళ్ళ నాటివని పరీక్షలో తేలింది. పని ఆపించి వీళ్ళకు నాలుగు నెలలు గడువిచ్చారు. తేల్చవలసింది ఒక్కటే. వేటగాళ్ళు నాలుగు రోజులు మకాం వేసి వెళ్ళిన చోటయితే, ఉన్నవేవో ఏరుకుని నేల వదిలేయాలి. పశువుల్ని పెంచుకుంటూ స్థిరంగా బతికిన ఊరయితే, ఆ మూడెకరాలను ఇక ఎవరూ ముట్టుకోకూడదు.

అది ఊరేనని ఎముకలావిడకు మొదటి నెలలోనే తెలిసిపోయింది. రేకుల షెడ్డులో బల్ల మీద నూట పద్నాలుగు దవడలు వరసగా పెట్టుకుంది. అరిగిన పళ్ళను బట్టి పశువు వయసు చెప్పొచ్చు. వేటగాడు దొరికినదాన్ని కొడతాడు, వయసు చూడడు. పెంచుకునేవాడు మగదూడల్ని చిన్నప్పుడే తీసేస్తాడు, ఆవుల్ని పళ్ళు అరిగేదాకా ఉంచుకుంటాడు. ఆమె బల్ల మీద ఉన్నవన్నీ అయితే ముసలి ఆవులు, లేకపోతే ఏడాది నిండని కోడెదూడలు. ఒక ముసలి ఆవుకు పళ్ళు చిగుళ్ళ దాకా అరిగిపోయాయి. అలాంటిది బీడులో సొంతంగా మేసి బతకలేదు. ఎవరో దానికి మెత్తటి మేత తెచ్చి పెట్టి ఉండాలి. ఆ దవడ ముందు కూర్చుంటే ఎందుకో ఆమెకు కళ్ళు చెమర్చేవి.

కానీ గడువు చివర వచ్చి తేల్చవలసిన పరిశీలకుడు నిక్కచ్చి మనిషి. నెల రోజుల కిందటే ఉత్తరం రాశాడు. ఎముకలు ఏం తిన్నారో చెబుతాయి, ఏం పెంచారో చెప్పవు, నేల మీద పశువుల్ని కట్టిన గుర్తు ఒక్కటి చూపించండి అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. ఆమే ఆయన కుర్చీలో ఉంటే అదే రాసేది. మిగిలింది ఒకే గుంట, తూర్పు వైపుది. కుండ పెంకులు, పొయ్యిలు ఏవీ దొరకని చోటది, దొడ్డి ఉంటే అక్కడే ఉండాలి. ఆ గుంటను ఆమె అద్దానికి అప్పగించింది.

అప్పగించకుండా ఉండవలసింది. ఎందుకంటే ఆయనకు కళ్ళు కనబడటం లేదని ఆమెకు తెలుసు.

రెండేళ్ళ కిందట వేరే తవ్వకంలో సంచీకి కట్టే చీటీ ఒకటి చదవమని ఆమె ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని ఎగాదిగా చూసి, సరిగ్గానే ఉంది మేడమ్, కట్టేయండి అన్నాడు. చీటీ తలకిందులుగా పట్టుకున్నాడు. ఆమె దాన్ని తీసుకుని సంచీకి కట్టేసింది. ఆ వారమే పిన్ని ఆమెను వంటింట్లోకి పిలిచి, గుట్టుగా, కొళాయి తిప్పి ఉంచి మరీ చెప్పింది. ఆయన తనకు చెప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాడట, చొక్కా ఉతకబోతే జేబులో కాగితం దొరికిందట. కంటి నరం ఎండిపోతోంది, పోయిన చూపు రాదు, ఉన్నది కూడా నిలవదు.

"నాకు తెలుసని ఆయనకు తెలీదు. నువ్వు కూడా తెలీనట్టే ఉండు తల్లీ. ఆ పని లేకపోతే ఆయన లేడు."

అప్పటినుంచి ఆ ఇంట్లో ముగ్గురూ ఒక నాటకం ఆడుతూ వచ్చారు. పిన్ని గ్లాసులు ఎప్పుడూ ఒకే చోట పెట్టేది. ఎముకలావిడ పనిలో చీటీలన్నీ తనే పైకి చదివేది, తనకు అలవాటని చెప్పి. ఆయన గుంటలో పక్కన ఉండే మనిషిని మట్టి రంగు మారినప్పుడల్లా గట్టిగా చెప్పమనేది, అది కొత్త పద్ధతని అందరికీ నమ్మించింది. ఆయనేమో ఎవరికీ తెలియకుండా తన నాటకం తను ఆడుతున్నాననుకునేవాడు. ఆయన చేతులకు ఇంకా కళ్ళున్నాయి, అందుకే బండి నడిచింది. పొర మారితే వేళ్ళతో పట్టేసేవాడు. వేరేవాళ్ళ కళ్ళకన్నా ఆయన వేళ్ళే నయమని ఆమె తనకు తాను సర్దిచెప్పుకుంది. ప్రేమ ఉన్నచోట మనిషి తనను తాను ఎంత సులువుగా మభ్యపెట్టుకుంటాడో చెప్పనలవి కాదు.

పరిశీలకుడు రావడానికి రెండు రోజుల ముందు, ఉదయం పదింటికి తూర్పు గుంటలో నేల దొరికిందని కబురొచ్చింది. ఎముకలావిడ షెడ్డులో దవడలకు అంకెలు వేస్తోంది. నేల శుభ్రం చేశాక పిలవండి, వచ్చి ఫొటో తీయిస్తాను అంది. ఈ వృత్తిలో అదొక నియమం, శుభ్రం చేశాకే ఫొటో తీయాలి. మురికిగా ఉన్న నేలను ఫొటో తీయడం పెళ్ళికూతురిని తల దువ్వకుండా పీటల మీద కూర్చోబెట్టడం లాంటిదని పెద్దవాళ్ళు కసురుకుంటారు. ఆ నియమం పెట్టిన మహానుభావుడెవరో గానీ, తీరిగ్గా కూర్చుని తిట్టాలనిపిస్తుంది. రంగు మారితే చెప్పే పక్క మనిషి ఆ రోజు జ్వరమని రాలేదు. ఆ సంగతి ఆమెకు పొద్దున్నే చెప్పారు. సరేలే అంది.

పన్నెండింటికి ఆమె వెళ్ళి చూసింది. నేల అద్దంలా ఉంది. గోధుమరంగు మట్టి, ఒక్క గీత లేదు, ఒక్క గుంత లేదు, ఏమీ లేదు. కూలీలు గుంట అంచున నిలబడి మెచ్చుకుంటున్నారు. అద్దం చేతులు దులుపుకుంటూ, కొంచెం ఎలకబొరియలున్నాయి మేడమ్, మెత్తటి బూడిద నిండి ఉంది, ఊడ్చేసి సమం చేశాను అన్నాడు. ఆమె గుంటలోకి వంగి చూసింది. ఎన్ని బొరియలు అని అడిగింది. చాలానే ఉన్నాయన్నాడు, అంతటా.

ఆమె తవ్విన మట్టి జల్లించే చోటికి పరిగెత్తింది. ఆ గుంటలోంచి తీసిన మట్టి ఇంకా సగం తట్టల్లోనే ఉంది. రెండు చేతులతో కెలికి చూసింది. నాలుగో తట్టలో, అరచేతి కన్నా చిన్న గడ్డ ఒకటి దొరికింది. దానికి ఒక పక్క లోపలికి వంగిన గుంత, గుంత మధ్యలో నిలువునా సన్నటి గట్టు, రెండు పక్కలా బూడిద అంటుకుని ఉంది. చీలిన గిట్ట. నాలుగున్నర వేల ఏళ్ళ కింద తడి నేల మీద ఒక ఆవు కాలు మోపింది, అది ఎండింది, పైన పొయ్యిల బూడిద ఎగిరొచ్చి పడి నిండింది. గోధుమరంగు మీద బూడిదరంగు మచ్చలు. కళ్ళున్న ఎవరికైనా కనబడేవి. వాటినన్నిటినీ, తను ఇన్ని నెలలు ఎదురుచూసిన వాటిని, బాబాయి ఎలకబొరియలనుకుని ఊడ్చేశాడు.

ఆమె ఆ గడ్డ పట్టుకుని అక్కడే మట్టి కుప్ప మీద కూలబడింది. బాబాయి మీద కోపం రాలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్ళాక గుంటలోకి దిగి, ఆయన పక్కన కూర్చుని, ఏమీ చెప్పకుండా ఆ గడ్డ ఆయన చేతిలో పెట్టింది. ఆయన బొటనవేలు ఆ గుంతలోకి వెళ్ళింది, గట్టును తడిమింది, మళ్ళీ వెనక్కి వచ్చింది. చిన్నప్పుడు పశువులు కాసిన చెయ్యి అది.

"గిట్ట" అన్నాడు చివరికి. "అన్నీ ఇవేనా?"

ఆమె అవునంది. ఆయన తల వంచుకున్నాడు. ఆమెను పెంచిన ఇన్నేళ్ళలో ఆయన ఏడవగా చూడలేదు, అప్పుడూ ఏడవలేదు. కాసేపటికి మోకాళ్ళ మీద లేచి, అరచేతులు నేలకు ఆనించి, రిజిస్టరూ టేపూ తెచ్చుకోమన్నాడు.

అప్పుడు జరిగినది ఎముకలావిడ జన్మలో మరిచిపోదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. పొద్దున చేతులు ఏ దారిన వెళ్ళాయో మళ్ళీ అదే దారిన, ఉత్తరం మూలనుంచి మొదలుపెట్టి, జానెడు జానెడు జరిగాడు. ఇక్కడ ఒకటి, జానెడు లోపు, గిట్ట కొన అటు. ఇక్కడ రెండు, ఒకదాని మీద ఒకటి. ఇది లోతైనది, బరువైన గొడ్డు, చూడిదేమో. ఆమె కొలిచింది, గీసింది. ఎక్కడైనా నమ్మకం చాలకపోతే, ఇది రాయొద్దు, గుర్తు లేదు అన్నాడు. రెండున్నర గంటల్లో యాభై ఏడు గుర్తులు కాగితం మీదికి వచ్చాయి. దక్షిణం మూలకు వచ్చేసరికి ఆయన చేతులు నెమ్మదించాయి.

"ఇక్కడన్నీ చిన్నవి. రెండేసి వేళ్ళంత. ఒక్క గుంజ చుట్టూ తొక్కాయి. దూడల్ని విడిగా కట్టారమ్మడూ. తల్లిని ఇక్కడికి తోలుకొచ్చి దూడని చూపిస్తేనే అది చేపుతుంది, పొదుగులోకి పాలు దిగుతాయి. పాలు పిండుకున్నారు వీళ్ళు."

పాలు పిండుకున్న ఊరు. ఆమె దవడలు చెప్పిన మాటే, నేల కూడా చెప్పింది. కాకపోతే ఆ నేల ఇప్పుడు ఆయన వేళ్ళలో తప్ప ఎక్కడా లేదు. కాగితం చివర ఏం రాయాలో ఆమెకు పాలుపోలేదు. పెన్ను పట్టుకుని ఊరకే కూర్చుంటే ఆయనే చెప్పాడు, ఉన్నదున్నట్టు రాయమన్నాడు. శుభ్రం చేయడంలో చెరిగిపోయాయి అని కాదు, ఫలానా మనిషి చెరిపేశాడు అని రాయమన్నాడు. చెరిపినవాడు ఎవరో రాయకపోతే, ఉన్నాయని చెప్పేవాడు కూడా ఎవరూ ఉండడని ఆయన వాదన. ఆమె రాసింది.

పరిశీలకుడు చెప్పిన వేళకే వచ్చాడు. బక్కపల్చటి మనిషి, ఎండకు తలకు రుమాలు చుట్టుకుని, ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతాడు. దవడల ముందు అరగంట కూర్చున్నాడు, పళ్ళు అరిగిపోయిన ఆ ముసలి ఆవు దవడను చేతిలోకి తీసుకుని మెచ్చుకోలుగా తలాడించాడు. మట్టిగడ్డను భూతద్దం పెట్టి చూసి, గిట్టే, సందేహం లేదు, కానీ తట్టలో దొరికిన గడ్డ ఏ నేలదో ఎలా చెప్పగలం అన్నాడు. తర్వాత ఆమెనూ అద్దాన్నీ వెంటబెట్టుకుని గుంటలోకి దిగి కాగితాన్నీ నేలనూ మార్చి మార్చి చూశాడు. ఆఖరికి, ఆమె రెండు రోజులుగా భయపడుతున్న ప్రశ్న అద్దాన్నే అడిగాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడికి గోధుమరంగు మీద బూడిదరంగు ఎందుకు కనబడలేదు?

పొరపాటు జరిగిందని ఆయన ఒక్క మాట అంటే సరిపోయేది. అందరికీ జరిగేదే. ఆయన అనలేదు.

"నాకు కళ్ళు కనబడవండీ. రెండేళ్ళ పైనే అయింది."

కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పరిశీలకుడు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. మేడమ్‌కి ఈ సంగతి తెలుసా అని అడిగాడు.

"తెలీదండీ" అన్నాడు అద్దం, ఆమె నోరు తెరిచేలోగా. "ఎవరికీ తెలీదు. మా ఇంట్లోదానికీ తెలీదు. తెలియనిస్తే కదా."

ఆ చివరి మాటలో కాస్త గర్వం కూడా ఉంది. తలవంపుల మధ్య ఆయన దగ్గర మిగిలిన ఆస్తి అదొక్కటే. ఒక్కడే రెండేళ్ళపాటు అంతమందినీ బోల్తా కొట్టించానన్న తృప్తి.

పరిశీలకుడు నిదానంగా విడమరిచి చెప్పాడు. తెలియకపోతే తప్పు పనివాడిదే అవుతుంది. లోపం దాచి పనిలో చేరినట్టు రాయాలి. ఇకమీదట ఏ తవ్వకంలోనూ ఆయన పేరు ఉండదు, పాత తవ్వకాల నివేదికల్లో ఉన్న పేరు పక్కన కూడా ఈ మాట చేరుతుంది. తెలిసే పెట్టుకున్నారంటే బాధ్యత అధికారిది. అది ఆమె ఉద్యోగానికి మంచిది కాదు. రెండిట్లో ఏదైనా, ఏ ఎముక ఏ పొరదో నమ్మలేం కాబట్టి ఇక్కడ ఆయన తవ్విన ఆరు గుంటలూ, వాటిలో దొరికిన ఎముకలూ లెక్కలోకి రావు. మిగిలిన రెండు గుంటలతో ఇది ఊరని ఎవరూ చెప్పలేరు.

మూడెకరాలు పోయాయని ఆమెకు అప్పుడే అర్థమైపోయింది. మిగిలింది ఒక్క మాట. ముప్ఫై ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషిని మోసగాడని రాయించడమా, లేదా. ఆమె ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే, ఆ మాట ఇంకెవరి చెవిన పడుతుందో తట్టేదేమో.

"నాకు తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసే పెట్టుకున్నాను."

పరిశీలకుడు రాసుకున్నాడు. సంతకం అడిగాడు, పెట్టింది. వెళ్ళేముందు, వచ్చే సోమవారం గోదామువాళ్ళకు నేల అప్పగించక తప్పదని చెప్పాడు. కూలీలు కూడా మెల్లగా షెడ్డు వైపు జారుకున్నారు. గుంటలో ఆ నున్నటి నేల మీద వాళ్ళిద్దరే మిగిలారు.

ఆయనను మోసగాడు కాకుండా చూశానన్న ధీమా ఆమెకు కాసేపుంది. ఆయన మొహం చూశాక అది కాస్తా పోయింది. చెంపదెబ్బ తిన్న మనిషిలా ఉన్నాడు. గోడకు ఆనుకుని, ఆమె ఉన్న వైపు కాక కొంచెం పక్కకు చూస్తూ అడిగాడు.

"చీటీలు పైకి చదివేది అందుకేనా?"

అందుకేనంది.

"రంగులు చెప్పించేది?"

దానికీ అదే జవాబు. ఆయన ఒక్కొక్కటే అడుగుతున్నాడు, పొర తర్వాత పొర తీస్తున్నాడు.

"మీ పిన్నికీ తెలుసా?"

ఆమె తలాడించింది. ఆయన ఎదురుచూస్తూనే ఉన్నాడు. తను తలాడించింది ఆయనకు కనబడలేదని అప్పటికి తట్టింది ఆమెకు. అంటే నోటితోనే చెప్పాలి.

"తెలుసు బాబాయ్."

ఆయన చాలాసేపు తాపీ అంచును బొటనవేలితో రాస్తూ కూర్చున్నాడు. అయితే ఈ రెండేళ్ళూ నన్ను పిలిచింది పని కోసం కాదన్నమాట అన్నాడు, ఆమెతో అన్నట్టు లేదు. కాదు బాబాయ్, నీ చెయ్యి ఇప్పటికీ అందరికన్నా గొప్పదని చెప్పాలని ఆమె ప్రాణం కొట్టుకులాడింది. కానీ ఎదురుగా ఆ నేల ఉంది. ఆ నేల ముందు ఆ మాట ఎంత అబద్ధమో ఇద్దరికీ తెలుసు. ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది, చప్పుడు కాకుండా ఏడుద్దామనుకుంది గానీ చేతకాలేదు.

కాసేపటికి ఆయన లేచాడు. రోజూ అయితే ముందే అడుగులు లెక్క పెట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి పైకి పోయేవాడు. ఆ రోజు నిలబడ్డచోటే నిలబడి చెయ్యి గాలిలోకి చాపాడు, ఆమె ఉన్న దిక్కుకు కాస్త ఎడంగా.

"మెట్లు ఎక్కడున్నాయో చెప్పమ్మా" అన్నాడు.

ఆమె పక్కకు జరిగి, ఆ చెయ్యి పట్టుకుంది.